మంగళవారం దిమ్మిస

"అక్కా, చాల్ కూలగొడ్తున్నరంట, ఈసారి పక్కా ఖబర్. నీ సామానేమన్న ఉంటే వచ్చి తీస్కపో. మళ్ల నా మీద పడి ఒర్లొద్దు" అని మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి యాభై దాటాయి, ఇంకా నేను ఒర్లుతాననే భయం పోలేదు. సంతోషమే. ముంబై కామాటిపుర గల్లీలో, వరసగా అద్దె గదులుండే ఆ చాల్‌లో, మేం పుట్టి పెరిగిన ఒంటి గదిలో నా సామాను ఏముంటుందిలే అనుకుంటూనే, సెలవుల్లో ఉన్న మనవరాలు తన్విని వెంటబెట్టుకుని గ్రాంట్ రోడ్‌లో రైలు దిగాను. తన్వికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి మరాఠీయే వస్తుంది. నన్ను ఆజీ అంటుంది. చాల్ మెట్ల మీద అదే ఎండు బొంబిల్ చేప వాసన, అదే తడి గోడ వాసన. కిరసనాయిలు వాసన ఒక్కటే తగ్గింది, అందరికీ గ్యాసు వచ్చింది కదా. పై అంతస్తులో గదుల ముందుండే గ్యాలరీలో కొత్త ముఖాలు కనిపించాయి. పాలమూరు నుంచి కూలిపనికి వచ్చినవాళ్ళు మా పక్క గది అద్దెకు తీసుకున్నారట. వాళ్ళ పిల్ల, రెండు జడలది, గ్యాలరీ కడ్డీ పట్టుకుని మమ్మల్ని గుడ్లప్పగించి చూస్తోంది.

తమ్ముడు నిచ్చెన వేసి అటక ఎక్కి బొంతలు దించాడు, సొట్టలు పడ్డ ఇత్తడి బిందె దించాడు, మా అమ్మ జొన్నరొట్టెల పెనం దించాడు. చివర్లో పాత చీరపేలికలో చుట్టిన బరువైన వస్తువొకటి నా చేతికి అందించాడు. విప్పకముందే నాకు తెలిసిపోయింది. చెక్క దిమ్మిస! మా అవ్వది. కింద అరచేతికన్నా వెడల్పున్న బల్లచెక్క, పైన చేతికి ఒదిగే వంపు పిడి. ఆ పిడి మా అవ్వ చేతిలో అరిగి అరిగి అద్దంలా నున్నబడింది. "ఆజీ, హే కాయ్? బ్యాట్?" అంది తన్వి. "బ్యాటేందే పిచ్చిదానా, నీ బ్యాట్లకు ఇది ముత్తవ్వ! ఇది లేకుంటే నీ ఆజీ ఇయ్యాల బ్యాంకుల ఏలిముద్ర ఏస్తుండె" అన్నాను. అది నమ్మలేదు. నేను టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసి, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని. నాకూ వేలిముద్రకూ సంబంధమేమిటని దాని ముఖం. అందుకే ఆ బొంతల మధ్యే కూలబడి చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

మా అవ్వ ఎల్లవ్వ మిద్దెలు కొట్టే మనిషి. ఇప్పటివాళ్ళకు మిద్దె కొట్టడమంటే తెలియదు. స్లాబులు రాకముందు ఈ ముంబైలో పెద్దపెద్ద భవనాల పైకప్పుల మీద సున్నం, ఇటుకముక్కలు కలిపి మందంగా పరిచేవారు. అది గట్టిపడాలంటే రోజుల తరబడి దిమ్మిసలతో కొట్టాలి. మా తెలుగు ఆడవాళ్ళు వరసలుగా గొంతుక్కూర్చుని, బెల్లం నీళ్ళు చల్లుకుంటూ, పాడుకుంటూ కొట్టేవారు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. పాట తప్పితే దెబ్బ తప్పుతుంది, దెబ్బ తప్పితే వానాకాలంలో ఇంటివాడి నెత్తిన నీళ్ళు పడతాయి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. కొడుతున్న మిద్దె మీద ఎవరు కాలు పెట్టినా సరే, దిమ్మిస అందుకుని ఒక్క దెబ్బ వేసి తీరాలి. ఇంజనీరైనా, ఇంటి యజమానైనా వదిలేవారు కాదు. "ఉత్తగ తొక్కిపోతె మిద్దె కురుస్తది బిడ్డా" అనేది అవ్వ. నా చిన్నప్పటికి స్లాబులు వచ్చేశాయి, అవ్వ చేతికి పని పోయింది. దిమ్మిస గోడకు వేలాడేది. అవ్వ దాని కిందే కూర్చుని, కుదురుండలేక, నల్లా దగ్గర నీళ్ళ వరసలో ఎవరి బిందె ముందుకు జరిగిందో కనిపెట్టి తగువులు తీర్చేది. ఆమె తగువు తీర్చితే అది ఇంకో మూడు తగువులై లేచేది. మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

మా బడి గల్లీ చివరే ఉండేది. మున్సిపాలిటీ బడి. కింద అంతస్తులో మరాఠీ తరగతులు, వాటి పక్కన చెక్క అడ్డు వేసిన ఒకే ఒక్క గదిలో తెలుగు. ఒకటి నుంచి నాలుగు దాకా అన్ని తరగతులూ ఆ గదిలోనే, అందరికీ ఒక్కతే పంతులమ్మ. ఈ ఊళ్ళో పంతులమ్మను బాయి అంటారు. మా సుశీలాబాయి సన్నగా ఉండేది, గొంతు మాత్రం గంటే. నాలుగు తరగతులను ఒక్క చేత్తో ఎట్లా నడపాలో ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదనుకుంటాను, మా ఇళ్ళను చూసి నేర్చుకుంది. మా నాయనల పనుల మీద ముఠాకు ఒక ముకద్దం ఉండేవాడు కదా, పని పంచేవాడూ, పని ఆగకుండా చూసేవాడూ. బాయి మమ్మల్నీ ముఠాలు చేసింది. పెద్దా చిన్నా కలిపి వారంలో ఒక్కో రోజుకు ఒక్కో ముఠా, ఆ ముఠాకు ఒక ముకద్దం. ఆ రోజు పాఠం ఏమిటో, ఎవరు ఎవరికి చెప్పాలో ముకద్దం చూసుకోవాలి. బాయి కుర్చీలో కూర్చుని, తప్పు జరిగినప్పుడు మాత్రమే లేచేది. మొదట్లో ఆమె రోజంతా లేచే ఉండేది పాపం.

సోమవారం ఖబర్లు. ప్రతి ఒక్కరూ ఆదివారం నాటి ఖబరు ఒకటి తేవాలి. అందరిలోకీ మంచి ఖబరును బోర్డు మీద రాసి, చిన్నవాళ్ళు అక్షరాలు కూడబలుక్కుని, పెద్దవాళ్ళు దానికి ఇంకో నాలుగు వాక్యాలు కలిపి రాసేవారు. మా చాల్‌లో ఖబర్లకు కొదవా! ఎవరి కోడి ఎవరి వంటింట్లో గుడ్డు పెట్టిందో, ఫోరస్ రోడ్ మూల మీద బర్ఫువాడి బండి ఎట్లా బోల్తా కొట్టిందో అన్నీ బోర్డెక్కేవి. ఒకసారి మా అవ్వ నల్లా తగువే బోర్డెక్కింది. ఇంటికి వెళ్ళి చదివి వినిపిస్తే అవ్వ తిడుతుందనుకున్నాను. "నా పేరు అచ్చరాల్ల ఎట్లుంటదే? ఏదీ, మళ్ల సదువు" అని మూడుసార్లు చదివించుకుంది.

బుధవారం కొలతలు. మేస్త్రీల పిల్లలం కదా, ఇంట్లోంచి తూకపు గుండూ, దారపుండా పట్టుకొచ్చి గోడలు వంకరో నిటారో చూసేవాళ్ళం. బడి గోడ వంకరని తేలింది, హెడ్ మాస్తరుకు చెబితే ఆయన నొచ్చుకున్నాడు. గురువారం నేల మీద సుద్దతో మా గల్లీ పటం గీసేవాళ్ళం. శుక్రవారం చదివింపు. శనివారం ఒంటిపూట పొడుపు కథల పోటీ జరిగేది, అప్పుడు మా అమ్మలు పని మానుకుని కిటికీ ఊచల బయట నిలబడి జవాబులు అందించేవాళ్ళు. బాయి ఎంత వారించినా వినేవారు కాదు.

మంగళవారాల్ని మాత్రం నేనే పుట్టించానని చెప్పుకుంటాను, ఎవరైనా కాదంటే పోట్లాడతాను. ఎక్కాల రోజది. చెక్క అడ్డు అవతల మరాఠీ పిల్లలు "బే ఏకే బే, బే దుణే చార్" అని రెండో ఎక్కం ఒక్క గొంతుతో అందుకుంటే గది దద్దరిల్లేది. ఇవతల మేం తలో రాగం తీస్తూ మూడో ఎక్కం దగ్గరే చెల్లాచెదురయ్యేవాళ్ళం. బాయి విసిగిపోయి, "మీ ఇండ్లల్ల అందరికన్న గట్టిగ వినొచ్చేది ఎవరే?" అని అడిగింది. "మా అవ్వ!" అన్నాను. అందరూ నవ్వారు. బాయి నవ్వలేదు, "తోల్కరా" అంది. అవ్వ కొప్పు సవరించుకుని, దిమ్మిస చంకన పెట్టుకుని వచ్చింది. విషయం విని, "గింతేనా? గిది మిద్దె పనే కద" అని బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. రెండు చిన్న దెబ్బలకు లెక్క, పెద్ద దెబ్బకు జవాబు. "రెండు మూడ్ల" అంటే టక్, టక్. "ఆరు" అంటే ధన్! మేం అరచేతులతో బల్లలు కొట్టాం. నెల తిరిగేసరికి పదమూడో ఎక్కం దాకా వెళ్ళాం, అవతల మరాఠీ గది గప్‌చిప్. మిద్దె కట్టుబాటు కూడా అవ్వతోపాటే గదిలోకి వచ్చింది. మంగళవారం నాడు గదిలో ఎవరు అడుగుపెట్టినా గడప మీద నిలబడి ఒక ఎక్కం చెప్పాలి. బాయే ఒకరోజు ఆలస్యంగా వచ్చి, నవ్వుతూ పంతొమ్మిదో ఎక్కం చెప్పి లోపలికి వచ్చింది. ఆ రోజు మాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు భయం మాత్రమే ఉండేది.

అంతలో బాయి కడుపుతో ఉండి పుట్టింటికి కాన్పుకు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "బదిలీ మీద ఇంకో బాయి వస్తది, మీ ముఠాలు మీరు మరవొద్దు" అని చెప్పింది. ఆ ఇంకో బాయి రాలేదు. ఒక వారం చూశాం, రెండు వారాలు చూశాం. మూడోవారం ఆఫీసు నుంచి ఒక సాహెబ్ వచ్చాడు. కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, చెడ్డవాడేం కాదు. హెడ్ మాస్తరుతో మాట్లాడి, బయట గుమికూడిన మా పెద్దలతో, తెలుగు చెప్పే మనిషి ఎప్పుడు దొరుకుతుందో తెలియదనీ, పిల్లలు ఊరికే కూర్చుంటే చదువు పోతుందనీ, అందరినీ ఫాక్‌లాండ్ రోడ్ అవతలి హిందీ బడిలో చేర్పిస్తాననీ చెప్పాడు. ఇంకోసారి వచ్చి చూసి రాతపని పూర్తి చేస్తానన్నాడు. ఆయన తన దృష్టిలో మాకు మేలే చేస్తున్నాడు. మా నాయన మాత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే, "రోడ్డు దాటి పోయేదుంటె రాజమణి బడి బంద్" అన్నాడు.

రాజమణిని నేనే. మా నాయన మొండివాడు కాదు, భయస్థుడు. ఆ రోడ్డు మీది ఇళ్ళలో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు మమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు, పండుగ పూట మిఠాయి కూడా పెట్టేవాళ్ళు. నాయన భయమంతా అక్కడికి వచ్చిపోయే మగవాళ్ళ గురించి. నా ఒక్కదానికే కాదు, మా చాల్‌లో ప్రతి ఆడపిల్లకూ ఆ సాయంత్రం అదే తీర్పు పడింది. మగపిల్లలు రోడ్డు దాటతారు, మేం చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ ఎత్తుకుని గ్యాలరీలో నిలబడతాం. నేను అన్నం ముట్టలేదు. గోడకు తిరిగి ఏడుస్తుంటే అవ్వ నా వీపు మీద ఒకటి చరిచింది. "ముకద్దం ఊరికి పోతె పని ఆపుతరాయే? ఏ మిద్దె మీద జూసినవ్ గట్ల? పెద్దది ముసల్ది ఎవతో ఒకతి ముందల కూసుంటది, పని నడుస్తది. లే, తిను. రేపటి సంది నేనొస్త" అంది. మా అమ్మ, "నువ్వు పోయి ఏం జేస్తవ్ అత్తా, నీకు ఓనమాలన్న రావు" అంటే, "పాఠం పోరలు జెప్పుకుంటరు. ఖుర్చీ ఖాలీ ఉండొద్దు, గంతే" అని కంచం నా ముందుకు తోసింది.

మర్నాటి నుంచి మా అవ్వ సుశీలాబాయి కుర్చీలో కూర్చుంది. కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చోవడం అలవాటు లేక బాసింపట్టు వేసుకుని కూర్చునేది, ఒళ్ళో దిమ్మిస. హెడ్ మాస్తరు పొద్దున వచ్చి హాజరు వేసుకుని, అవ్వ వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయేవాడు. నాలుగో తరగతి వాళ్ళు రెండో తరగతికి చెప్పారు, మూడో తరగతి వాళ్ళు ఒకటికి చెప్పారు. సోమవారం వస్తే ఖబర్లు వచ్చాయి, బుధవారం వస్తే దారపుండ వచ్చింది. అల్లరి లేదని కాదు, చింటిగాడని ఒకడు ఉండేవాడు, కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు వరసంతటినీ చెడగొట్టేవాడు. అవ్వ వాణ్ణే బుధవారం ముకద్దం చేసేసింది. అంతే, వాడికి అల్లరి చేసే తీరికే లేకుండా పోయింది. పైగా పక్కవాడు గుసగుసలాడితే వాడికే కోపం వచ్చేది. చాల్‌లో తగువులన్నీ పెంచిన మా అవ్వ బడిలో ఇంత బుద్ధిమంతురాలు ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చేతికి పని దొరికింది, అదే కారణమై ఉంటుంది. ఆ రోజుల్లో నల్లా దగ్గర కూడా నిశ్శబ్దంగా ఉండేదని మా అమ్మ చెప్పేది.

సాహెబ్ వచ్చాడు. మా అదృష్టమో ఆయన అదృష్టమో, మంగళవారమే వచ్చాడు. పన్నెండో ఎక్కం మంచి ఊపులో ఉంది. ఆయన చెప్పులు టకటకలాడిస్తూ నేరుగా గదిలోకి రాబోయాడు. అవ్వ దిమ్మిస ఎత్తింది. గది మొత్తం ఆగిపోయింది. "ఆగు సాహెబ్. మంగళారం ఉత్తగ లోపలికి రావద్దు. ఒక ఎక్కం జెప్పి రా" అంది. ఆయనకు తెలుగు రాదు. ఆ రోజు ముకద్దం నేను. లేచి, వచ్చీరాని మరాఠీలో, ఇది మా తరగతి కట్టుబాటనీ, మా బాయి కూడా చెప్పిందనీ విన్నవించాను. హెడ్ మాస్తరు ఆయన వెనకే నిలబడి తల పట్టుకున్నాడు. కిటికీ అవతల మా నాయన. సాహెబ్ వస్తున్నాడని తెలిసి పని మానుకుని వచ్చాడు ఆ రోజు. ఆయన ముఖం చూస్తే, ఇంక ఈ పిల్లను ఏ బడిలోనూ రానివ్వరు అనుకుంటున్నట్టే ఉంది.

సాహెబ్ నా వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. "కోణ్తా పాఢా?" అన్నాడు. ఏ ఎక్కం అని. "తేరా" అన్నాను, పదమూడని. ఎందుకన్నానో నాకే తెలియదు. తర్వాత వచ్చేది అదే కదా మరి. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, గడప మీదే నిలబడి, "తేరా ఏకే తేరా, తేరా దుణే సవ్వీస్" అని మొదలుపెట్టాడు. అవ్వ ఆగుతుందా! టక్, టక్, ధన్ అని అందుకుంది. మేమూ అరచేతులు కలిపాం. ఆ దెబ్బకు ఆయన గొంతూ లేచింది, చెయ్యి తలుపు మీద ఆడసాగింది. "తేరా సక్ అఠ్ఠ్యాహత్తర్, తేరా సత్తే..." అని పదమూడు ఏడ్ల దగ్గర ఆగిపోయాడు. టక్, టక్ అయిపోయాయి, పెద్ద దెబ్బ గాలిలో ఉండిపోయింది. అవ్వ దిమ్మిస దించలేదు. జవాబు లేకుండా పెద్ద దెబ్బ వెయ్యకూడదు మరి. ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు వెనక వరసలోంచి చింటిగాడు "తొంభై ఒకటీ!" అని అరిచాడు. గదంతా "తొంభై ఒకటీ!" అంది. చెక్క అడ్డు అవతల నుంచి మరాఠీ పిల్లలంతా "ఎక్క్యాణ్ణవ్!" అని కేక పెట్టారు. ధన్! అవ్వ వేసిన ఆ దెబ్బకు బోర్డు మీది సుద్దముక్క కింద పడింది. సాహెబ్ పకపకా నవ్వాడు. మిగిలిన మూడూ మాతోపాటు కొట్టి, చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వచ్చాడు.

అవ్వ కుర్చీ దగ్గర నిలబడి, మీరు ఏం చెబుతారని హిందీలో అడిగాడు. "మేరేకు అచ్చర్ నై ఆతా సాబ్. మై కామ్ బంద్ నై హోనే దేతీ" అంది అవ్వ. నాకు అక్షరం రాదు, పని ఆగకుండా చూస్తానని. ఆయన మా పుస్తకాలు చూశాడు, ఒకటో తరగతి పిల్ల చేత సోమవారం ఖబరు చదివించాడు, చింటిగాడి చేత గది కొలిపించాడు. వాడు గది కొలిచి ఊరుకోక గోడ వంకర సంగతి కూడా చెప్పేశాడు. వెళ్ళేటప్పుడు సాహెబ్ కిటికీ బయట ఉన్న మా పెద్దలతో, "ఈ తరగతి నడుస్తూనే ఉంది, నడిచేదాన్ని నేనెందుకు ఆపాలి? బాయి వచ్చేదాకా ఎవరినైనా పంపుతాను" అన్నాడు. అన్నట్టే పంపాడు కూడా. కొన్నాళ్ళకు సుశీలాబాయి చంకలో బిడ్డతో తిరిగొచ్చింది. ఆమె వచ్చిన రోజూ మంగళవారమే, గడప మీద నిలబడి ఎక్కం చెప్పే లోపలికి వచ్చింది.

సాహెబ్ వచ్చిన రోజు మా నాయన ఇంటికి వస్తూ ఇరానీ హోటల్లో ఆగి, బన్ మస్కా కట్టించుకొచ్చి, ముందు అవ్వ చేతిలో, తర్వాత నా చేతిలో పెట్టాడు. "సదువు పో, ఎంత సదువుతవో" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను మెట్రిక్ దాకా వెళ్ళాను, ఆ తర్వాత ఇంకా వెళ్ళాను. అప్పటికి రోడ్డు దాటే వయసూ ధైర్యమూ రెండూ వచ్చాయి. నా వెనకే మా చాల్ ఆడపిల్లలు వరసగా వచ్చారు. గెలిచాం! ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట రాస్తుంటే ఒళ్ళు పులకరిస్తోంది. ఇప్పుడు తన్వి బడిలో వారానికో ప్రాజెక్టు అంటారు, దానికి అట్టలూ జిగురూ వాళ్ళ అమ్మే కొంటుంది, చాలాసార్లు వాళ్ళ అమ్మే చేస్తుంది. దాని తరగతి గదిలో చల్లగాలి మిషనుంది, గోడ మీద తెర ఉంది. మంచిదే, నేను ఏడవను. బాయి ఒక్క వారం రాకపోతే వాళ్ళేం చేస్తారని అడిగాను. "సుట్టీ!" అంది సంబరంగా, సెలవేనని.

కథంతా విని తన్వి లేచి, గది బయటికి వెళ్ళి, గడప మీద నిలబడింది. "ఆజీ, మీ పణ్ కరూ?" నేనూ చెయ్యనా అని. ఆ రోజు ఏం వారమో కూడా చూసుకోకుండా నేను దిమ్మిస అందుకున్నాను. "థర్టీన్ వన్‌జా థర్టీన్, థర్టీన్ టూజా ట్వెంటీసిక్స్" అని అది ఇంగ్లీషులో మొదలుపెట్టింది. టక్, టక్, ధన్. ఇంగ్లీషుకూ సరిగ్గానే సరిపోయింది. మా తమ్ముడు నిచ్చెన మీద కూర్చుని నవ్వుతున్నాడు. "థర్టీన్ సిక్స్‌జా సెవెంటీఎయిట్, థర్టీన్ సెవెన్‌జా..." అది ఆగిపోయింది. సరిగ్గా సాహెబ్ ఆగిన చోటే! నా చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"తొంభై ఒకటీ!"

గ్యాలరీలోంచి వినిపించింది. రెండు జడల పిల్ల. కడ్డీని అరచేత్తో ధన్‌మని కొట్టి మరీ చెప్పింది. "ఏ బడే నీది?" అని అడిగాను. "గీ గల్లీ కొసకున్నది, తెలుగు బడి" అంది. "ఎక్కం జెప్పుకుంట గట్ల కొట్టుడు ఎవరు నేర్పిన్రు?" "మా బాయి. మంగళారం మంగళారం బల్లల మీద కొట్టుకుంట జెప్తం." "ఎందుకు కొడ్తరు?" అన్నాను. ఆ పిల్ల భుజాలెగరేసి, ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను చూసింది. "ఏమో. మా బడిల ముందలి సంది గట్లనే."

నేను లేచి వెళ్ళి మా అవ్వ దిమ్మిసను దాని చేతుల్లో పెట్టాను. బరువుకు మోచేతులు కిందికి దిగాయి గానీ వదలలేదు. పిడి నునుపు తడిమి చూసి, "ఇదేంది అవ్వా?" అని అడిగింది.

"ఫస్టు ఒక దెబ్బ ఎయ్యి. తర్వాత చెప్త" అన్నాను.